ఆగిన డబ్బా, పోయిన డబ్బా? ఆటలు మూతపడితే ఫుట్‌బాల్ క్లబ్ ఏ దారి పట్టాలి

2020 మే 16. జర్మనీలోని డోర్ట్‌మండ్ స్టేడియంలో 81 వేల మందికి పైగా పడతారు. ఆ రోజు లోపల ఆటగాళ్ళు, రిఫరీలు, కెమెరా వాళ్ళు, కొద్దిమంది సిబ్బంది తప్ప ఎవరూ లేరు. బొరుస్సియా డోర్ట్‌మండ్ 4-0తో షాల్కెను ఓడించింది. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు ఎప్పటిలాగే దక్షిణం వైపు స్టాండ్ దాకా వెళ్ళి ఖాళీ మెట్లకు అభివాదం చేశారు. కోవిడ్‌తో ఆగిపోయిన పెద్ద లీగుల్లో మొదట మళ్ళీ మొదలైంది జర్మనీ పై అంచె లీగ్ అయిన ఈ బుండెస్‌లీగానే.

ఆ రోజు ఆడిన రెండు క్లబ్బులకూ దెబ్బ ఒకేసారి తగిలింది. ఆ తర్వాత జరిగింది మాత్రం వేరు. డోర్ట్‌మండ్ 2019-20లో దాదాపు 4.4 కోట్ల యూరోలు, మరుసటి ఏడాది దాదాపు 7.3 కోట్ల యూరోలు నష్టపోయింది. 2021 వేసవిలో తన ఆటగాడు జేడన్ సాంచోను మాంచెస్టర్ యునైటెడ్‌కి అమ్మింది. అదే ఏడాది కొత్త షేర్లు జారీ చేసి 8.65 కోట్ల యూరోలు తెచ్చుకుని అప్పులు తగ్గించుకుంది. షాల్కె 2020 చివరికి 21.7 కోట్ల యూరోల అప్పుల్లో ఉంది. 2021లో రెండో డివిజన్‌కి జారిపోయింది.

స్టేడియం తలుపులు మూసుకున్న రోజున క్లబ్ ముందు ఉండే దారులు ఏమంత ఎక్కువ కావు. జీతాలు తగ్గించాలి, లేదా వాయిదా వేయాలి. ప్రభుత్వ సాయం తీసుకోవాలి. అప్పు చేయాలి. ఆటగాళ్ళను అమ్మాలి. రేపటి ఆదాయాన్ని ఈరోజే అమ్ముకోవాలి. యజమాని జేబులోంచి తీయాలి. ఏ దారి మంచిది అని అడిగితే ముందు నేను ఇంకో ప్రశ్న వేస్తాను: మీ డబ్బు ఆగిందా, పోయిందా? ఈ రెండింటినీ కలిపేసి చూసిన క్లబ్బులే ఎక్కువ దెబ్బతిన్నాయి.

ముందు ఒక కాగితం మీద రాసుకోవాల్సిన లెక్క

క్లబ్ ఆదాయం మూడు సంచుల్లోంచి వస్తుంది. మ్యాచ్ రోజు టికెట్లు, తినుబండారాలు, పార్కింగ్ ఒకటి. టీవీ ప్రసార హక్కులు రెండోది. స్పాన్సర్లు, జెర్సీల అమ్మకాలు మూడోది.

మొదటి సంచి డబ్బు పోయిన డబ్బు. మార్చిలో ఖాళీగా ఉన్న సీటును అక్టోబర్‌లో రెండుసార్లు అమ్మలేం. కోవిడ్‌కి ముందు సీజన్లో ఇంగ్లండ్ పై అంచె అయిన ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిపి మ్యాచ్ రోజుల మీద సుమారు 68 కోట్ల పౌండ్లు సంపాదించాయి. 2020-21లో అది దాదాపు 3 కోట్ల పౌండ్లకు పడిపోయింది. దాన్ని తిరిగి రాబట్టుకునే దారే లేదు.

టీవీ డబ్బు అలా కాదు. మ్యాచ్‌లు ఆలస్యంగానైనా జరిగితే చాలావరకు వస్తుంది. ప్రీమియర్ లీగ్ మొత్తం ఆదాయం 2019-20లో 13 శాతం తగ్గి 450 కోట్ల పౌండ్లకు వచ్చింది. చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. కానీ అందులో కొంత భాగం కేవలం తేదీల మార్పు. సీజన్ జులై దాకా సాగింది కాబట్టి, జూన్‌లోపే లెక్కలు మూసే క్లబ్బులకు ఆ మ్యాచ్‌ల టీవీ డబ్బు మరుసటి ఏడాది ఖాతాలో పడింది. అందుకే 2020-21లో స్టేడియాలు దాదాపు ఏడాదంతా ఖాళీగా ఉన్నా లీగ్ ఆదాయం తిరిగి 490 కోట్ల పౌండ్ల దాకా పెరిగింది. అలాగని టీవీ డబ్బు మొత్తం భద్రమే అనుకోవద్దు. ఆలస్యానికి, మారిన సమయాలకు ప్రసార సంస్థలు కోత అడుగుతాయి. ప్రీమియర్ లీగ్ ఒక్కటే సుమారు 33 కోట్ల పౌండ్లు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

యూరప్ మొత్తం మీద రెండు సీజన్లలో క్లబ్బులు పోగొట్టుకున్నది 700 కోట్ల యూరోలని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఏఫా లెక్కగట్టింది. అందులో సగానికి పైగా మ్యాచ్ రోజుల డబ్బే.

స్పాన్సర్లది మధ్యస్థం. ఒప్పందాన్ని ఏడాది పొడిగిస్తే ఊరుకునేవాళ్ళుంటారు, సొంత వ్యాపారమే మూతపడి చేతులెత్తేసేవాళ్ళూ ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తెలుసుకోవాల్సిందే.

ఇప్పుడు ఎంపిక కాస్త తేలికవుతుంది. ఆగిన డబ్బుకు వాయిదాలు, తక్కువ కాలం అప్పులు సరిపోతాయి, ఎందుకంటే తీర్చే సొమ్ము రాబోతోంది. పోయిన డబ్బుకు కోతలు, వాటాల రూపంలో కొత్త పెట్టుబడి, ఆస్తుల అమ్మకం. పోయిన డబ్బు స్థానంలో అప్పు తెచ్చి పెడితే ఆ గుంత అలాగే ఉంటుంది, పైగా వడ్డీ తోడవుతుంది. ఇక రేపు వచ్చే డబ్బును పోయినట్టు చూపించి జీతాలు శాశ్వతంగా కోస్తే, అది ఉద్యోగుల మీద చేసిన అన్యాయం.

ఇంకో మాట. మహమ్మారి కొత్త జబ్బు తెచ్చిన క్లబ్బులు ఉన్నాయి, పాత జబ్బును బయటపెట్టిన క్లబ్బులు ఉన్నాయి. ఇంగ్లండ్ రెండో అంచె చాంపియన్‌షిప్‌లో 2018-19లోనే, అంటే కోవిడ్ ఊసు లేనప్పుడే, జీతాల ఖర్చు మొత్తం ఆదాయంలో 107 శాతం. వంద రూపాయలొస్తే నూట ఏడు జీతాలకే. డెర్బీ కౌంటీ 2018లో తన స్టేడియాన్ని సొంత యజమానికే అమ్మి లెక్కలు సర్దుకుంది. 2021 సెప్టెంబర్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మొత్తం 21 పాయింట్ల కోత పడి 2022లో మూడో అంచెకు దిగిపోయింది. అలాంటి క్లబ్ కోసం ఈ పోలికలు చదువుతుంటే, కింద చెప్పే ఏ ఒక్క దారీ సరిపోదు. జీతాల నిర్మాణాన్నే మార్చుకోవాలి.

జీతాల కోతా, వాయిదానా?

ఎక్కువ మంది పొరబడే చోటు ఇదే, అందుకే కాస్త ఎక్కువసేపు ఇక్కడ ఆగుతాను.

కోత అంటే ఆ డబ్బు ఇక ఇవ్వరు. వాయిదా అంటే తర్వాత ఇస్తారు. చెప్పుకోవడానికి ఇంత తేలికైన తేడా, బోర్డు గదుల్లో మాత్రం ఎంత తేలిగ్గా మసకబారిపోతుందో చూడండి. 2020 మార్చి 28న ఇటలీ క్లబ్ యువెంటస్ ఒక ప్రకటన చేసింది. ఆటగాళ్ళు, కోచ్ మౌరిజియో సార్రి నాలుగు నెలల జీతానికి సమానమైన మొత్తం తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారని, దాంతో క్లబ్‌కి సుమారు 9 కోట్ల యూరోలు కలిసొస్తాయని చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత దర్యాప్తులో వచ్చిన ఆరోపణ ఏమిటంటే, ఆ నెలల్లో ఎక్కువ భాగాన్ని తర్వాత చెల్లిస్తామని ఆటగాళ్ళతో విడిగా కాగితాలు రాసుకున్నారని. ఆ వ్యవహారంలో 2023 మేలో యువెంటస్ ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్యతో రాజీకి వచ్చి 7 లక్షల 18 వేల యూరోల జరిమానా కట్టింది. అప్పటికే, 2022 నవంబర్‌లో, క్లబ్ అధ్యక్షుడు ఆండ్రియా అన్యెల్లీతో సహా బోర్డు మొత్తం రాజీనామా చేసింది. ఆ క్లబ్ షేర్లు మార్కెట్‌లో ఉన్నాయి. కోతని, వాయిదాని ఒకే పేరుతో పిలిస్తే షేరు కొన్నవాడికి అసలు లెక్క తెలియదు.

బార్సిలోనా 2020 మార్చి చివర్లో చేసిన పని దీనికంటే మెరుగ్గా మొదలైంది. అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం 70 శాతం జీతం వదులుకుంటామని, పైగా మిగతా ఉద్యోగులకు పూర్తి జీతం అందేలా తమవంతు వేస్తామని లియొనెల్ మెస్సీ సహా ఆటగాళ్ళు ప్రకటించారు. ఇది నిజమైన కోత, గడువు స్పష్టం, ఎవరికి మేలు జరుగుతుందో స్పష్టం. చిక్కు తర్వాత వచ్చింది. కరోనా లాగినకొద్దీ వాయిదాల మీద వాయిదాలు పెరిగాయి, ఇవ్వాల్సిన జీతాలు రాబోయే ఏళ్ళ మీద పేరుకున్నాయి. 2021 ఆగస్టులో కొత్త అధ్యక్షుడు జోన్ లపోర్తా అప్పులు 135 కోట్ల యూరోలని చెప్పారు. 2020-21 నష్టం 48.1 కోట్ల యూరోలు. అదే నెలలో మెస్సీ క్లబ్ వదిలి వెళ్ళాడు. లీగ్ జీతాల పరిమితి లోపల ఆయన్ని నమోదు చేయడానికి చోటే లేకపోయింది.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఈ రెండింటి మధ్యది: షరతుతో కూడిన కోత. 2020 ఏప్రిల్‌లో ఆర్సెనల్ ఆటగాళ్ళు, కోచ్‌లు ఏడాది ఆదాయంలో 12.5 శాతం తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. రాబోయే సీజన్లలో మైదానంలో అనుకున్న లక్ష్యాలు చేరితే ఒప్పుకున్న మొత్తాలు తిరిగి ఇస్తామని క్లబ్ చెప్పింది. గెలిస్తే ఎలాగూ డబ్బు వస్తుంది, ఆ డబ్బులోంచే తిరిగి ఇస్తారు. గెలవకపోతే భారం ఉండదు. ఆగిందా పోయిందా తేలని డబ్బుకు ఇంతకంటే తగిన ఏర్పాటు నాకు కనిపించలేదు. అయితే అదే క్లబ్ నాలుగు నెలలు తిరక్కుండానే 55 ఉద్యోగాలు తీసేసే ప్రతిపాదన తెచ్చింది. ఆటగాడు జీతం వదులుకునేటప్పుడు ఆ డబ్బు దేనికి వాడతారో కూడా కాగితం మీదే ఉండాలని చెప్పేది ఇందుకే.

బలవంతం చేసినవాళ్ళు ఏమయ్యారు? స్విట్జర్లాండ్‌లో సియోన్ క్లబ్, తగ్గించిన జీతానికి వెంటనే ఒప్పుకోలేదని అలెక్స్ సాంగ్, యోహాన్ జూరూ సహా తొమ్మిదిమందిని తీసేసింది. స్లొవేకియాలో ఏడుసార్లు చాంపియన్ అయిన జిలినా, కోతకు ఒప్పుకోని 17 మందిని పంపేసి 2020 మార్చి 30న లిక్విడేషన్, అంటే ఆస్తులమ్మి మూసేసే ప్రక్రియ, ప్రకటించింది. జట్టంతా ఒకేసారి ఖాళీ అయితే అమ్ముకోవడానికి కూడా ఆటగాడు మిగలడు. బలవంతపు దారి లెక్కల్లో కూడా నష్టమే.

కాబట్టి నా సలహా: టీవీ డబ్బు తప్పక వస్తుందన్న నమ్మకం ఉంటే వాయిదా అడగండి, తేదీ రాసివ్వండి. టికెట్ల మీదే బతికే క్లబ్ అయితే కోత అడగండి, గడువు రాసివ్వండి. రెండిట్లో ఏదైనా సరే, ఆటగాడు మధ్యలో వేరే క్లబ్‌కి వెళ్ళిపోతే బాకీ ఏమవుతుందో కూడా రాయండి. చాలా కాంట్రాక్టులు జూన్ 30తో ముగుస్తాయి. 2020లో సీజన్ ఆ తేదీ దాటిపోయింది. ఫిఫా ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

టికెట్ కౌంటర్‌లో కూర్చునే మనిషి సంగతి

ప్రతి క్లబ్‌లోనూ గడ్డి కోసేవాళ్ళు, వంటవాళ్ళు, గేటు దగ్గర నిలబడేవాళ్ళు, దుకాణంలో జెర్సీలు మడతపెట్టేవాళ్ళు ఉంటారు. అందరి జీతాలూ కలిపినా పెద్ద క్లబ్‌లో ఇద్దరు ముగ్గురు స్టార్ ఆటగాళ్ళ జీతానికి మించవు. అయినా కోత మొదలయ్యేది తరచుగా వాళ్ళతోనే. ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది.

పని ఆగి ఇంట్లో ఉన్న ఉద్యోగులకు బ్రిటన్ ప్రభుత్వం ఫర్లో పథకం కింద నెలకు 2,500 పౌండ్ల దాకా, జీతంలో 80 శాతం తానే ఇస్తానంది. 2020 ఏప్రిల్ 4న లివర్‌పూల్ సుమారు 200 మంది సిబ్బందిని ఆ పథకంలో పెడతామంది. ఆ ఫిబ్రవరిలోనే ఆ క్లబ్ 4.2 కోట్ల పౌండ్ల లాభం చూపింది. సొంత అభిమానులే మండిపడ్డారు. రెండు రోజుల్లో క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది. టోటెన్‌హామ్ 550 మంది సిబ్బందికి 20 శాతం కోత ప్రకటించి, రెండు వారాల్లో మాట మార్చుకుంది.

లీడ్స్ యునైటెడ్ అప్పటికి రెండో అంచెలో ఉంది. చేతిలో డబ్బు లివర్‌పూల్ దగ్గరున్నంత లేదు. ఆటగాళ్ళు, కోచ్‌లు, పెద్ద అధికారులు తమ జీతాలు వాయిదా వేసుకుని 272 మంది సిబ్బందికి పూర్తి జీతం అందేలా చూశారు. ఆ వేసవిలోనే ఆ జట్టు ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది.

ప్రభుత్వ సాయం తీసుకోవడం తప్పు కాదు. గేటు డబ్బు ఆగితే నెల కూడా గడవని క్లబ్‌కి అది ప్రాణం. అలాంటి క్లబ్ మొహమాటపడకుండా మొదటి రోజే దరఖాస్తు పెట్టాలి. కానీ ట్రాన్స్‌ఫర్ మార్కెట్‌లో కోట్లు పోసే ఆలోచన ఉన్న క్లబ్ ఈ దారి జోలికి పోకూడదు. మిగిలే డబ్బు కొంచెం, పోయే పరువు బోలెడు.

అప్పు: వడ్డీ కంటే ముందు తాకట్టు చూడండి

టోటెన్‌హామ్ 2019 ఏప్రిల్‌లోనే కొత్త స్టేడియం తెరిచింది. ఆ భవనం తన ఖర్చు తానే సంపాదించుకోవాలి: మ్యాచ్‌లు, సంగీత కచేరీలు, అమెరికన్ ఫుట్‌బాల్. అన్నీ ఒక్కసారి ఆగాయి. 2020 జూన్‌లో క్లబ్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కోవిడ్ నిధి నుంచి 17.5 కోట్ల పౌండ్లు తీసుకుంది. వడ్డీ 0.5 శాతం. తర్వాత దాన్ని పెద్ద దీర్ఘకాల అప్పుగా మార్చుకుంది. ఆర్సెనల్ 2021 జనవరిలో అదే నిధి నుంచి 12 కోట్ల పౌండ్లు తీసుకుంది. ఇలాంటి అప్పు దొరికితే తీసుకోవాలి. వడ్డీ నామమాత్రం, ఆస్తి ఎక్కడికీ పోదు, స్టేడియం తెరుచుకున్నాక తీర్చే దారి కళ్ళెదుటే ఉంటుంది.

ఇంటర్ మిలాన్ కథ దీనికి పూర్తిగా ఎదురు. 2021 మేలో, సరిగ్గా ఇటలీ చాంపియన్ అయిన నెలలో, యజమాని సునింగ్ గ్రూప్ అమెరికా సంస్థ ఓక్‌ట్రీ దగ్గర 27.5 కోట్ల యూరోలు అప్పు తీసుకుంది. క్లబ్‌లోని వాటానే తాకట్టు. ఆ వేసవిలో కోచ్ ఆంటోనియో కోంటే వెళ్ళిపోయాడు. అష్రాఫ్ హకీమీని పారిస్ క్లబ్ పీఎస్‌జీకి, రోమెలు లుకాకును చెల్సీకి అమ్మారు. అయినా అప్పు మూడేళ్ళలో వడ్డీతో కలిపి దాదాపు 39.5 కోట్ల యూరోలయింది. 2024 ఏప్రిల్‌లో ఇంటర్ మళ్ళీ లీగ్ గెలిచింది. గడువులోపు అప్పు తీర్చలేక 2024 మే 22న సునింగ్ క్లబ్‌నే ఓక్‌ట్రీకి అప్పగించింది. మైదానంలో అంతా బాగానే ఉంది. యజమాని మాత్రం మారిపోయాడు.

ఈ రెండు అప్పులను పక్కపక్కన పెడితే నాకు మూడు ప్రశ్నలు కనిపిస్తాయి. తీర్చలేకపోతే ఏం పోతుంది? వడ్డీ ఏటా కడతామా, అసలుకు కలుపుతారా? గడువు నాటికి స్టేడియం నిండుతుందన్న నమ్మకం దేని మీద? మూడో దానికి జవాబు లేకపోతే సంతకం పెట్టొద్దు.

యజమాని దగ్గర డబ్బుంటే అప్పు కంటే వాటా రూపంలో పెట్టడమే మేలు. డోర్ట్‌మండ్ కొత్త షేర్లతో చేసింది అదే. పాత వాటాదారుల వాటా కాస్త పలచబడుతుంది, నిజమే. కానీ పోయిన డబ్బు స్థానంలో తిరిగి ఇవ్వనవసరం లేని డబ్బు వస్తుంది. యజమాని "అప్పుగా ఇస్తాను" అన్నా, ఆయన రేపు క్లబ్‌ని అమ్మాలనుకుంటే ఆ అప్పు కొనేవాడి మెడకు చుట్టుకుంటుందని గుర్తుంచుకోండి.

ఆటగాణ్ణి అమ్మాలా, రేపటి ఆదాయాన్ని అమ్మాలా?

మామూలు రోజుల్లో కష్టమొస్తే ఒక మంచి ఆటగాణ్ణి అమ్మడం క్లబ్బులకు అలవాటు. మహమ్మారిలో చిక్కేమిటంటే కొనేవాడి స్టేడియం కూడా మూతపడే ఉంటుంది. ధర పడిపోతుంది, ఇచ్చేది కూడా విడతల్లో. వీలైతే మొదటి వేసవి దాటేదాకా ఆగమంటాను. డోర్ట్‌మండ్ సాంచోను 2020లో కాకుండా 2021లో అమ్మింది.

కాగితాల మీద మాత్రమే పనికొచ్చే అమ్మకాలూ ఉన్నాయి. 2020 జూన్‌లో బార్సిలోనా ఆర్థర్‌ను 7.2 కోట్ల యూరోలకు యువెంటస్‌కి ఇచ్చి, మిరాలెం ప్యానిచ్‌ను 6 కోట్లకు తెచ్చుకుంది. రెండు క్లబ్బుల లెక్కల్లోనూ లాభం కనిపించింది. నిజంగా చేతులు మారే తేడా సుమారు 1.2 కోట్లే. నెలాఖరు జీతాలకు కావాల్సింది నగదు, పుస్తకంలో లాభం కాదు. ఇలాంటి బేరాన్ని సహాయం కింద లెక్కేసుకోకండి.

రేపటి ఆదాయాన్ని అమ్మడం ఇంకా పెద్ద నిర్ణయం. 2021 ఆగస్టులో స్పెయిన్ లీగ్, సీవీసీ అనే పెట్టుబడి సంస్థ నుంచి దాదాపు 200 కోట్ల యూరోలు తీసుకోవడానికి 42 క్లబ్బుల్లో 38 ఒప్పుకున్నాయి. బదులుగా 50 ఏళ్ళపాటు టీవీ ఆదాయంలో వాటా. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో సహా నాలుగు ఒప్పుకోలేదు. అర్ధ శతాబ్దపు తాకట్టు పెట్టలేమన్న బార్సిలోనా, మరుసటి ఏడాదే తన లీగ్ టీవీ ఆదాయంలో 25 శాతాన్ని 25 ఏళ్ళకు సిక్స్త్ స్ట్రీట్ అనే సంస్థకు విడిగా అమ్మేసింది. ఆ డబ్బులో పెద్ద మొత్తం కొత్త ఆటగాళ్ళ మీద పెట్టింది. ఫ్రాన్స్ లీగ్ 2022లో 150 కోట్ల యూరోలకు తన వాణిజ్య సంస్థలో 13 శాతం వాటాను సీవీసీకి ఇచ్చింది. దానికి గడువంటూ లేదు. జర్మనీలో ఇలాంటి బేరం మొదలుపెడితే అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపేశారు, 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఆలోచన మానుకుంది.

ఈ బేరాలన్నీ ఒకే రకం కావు. స్పెయిన్ లీగ్ ఒప్పందంలో నాకు నచ్చిన షరతు ఒకటుంది: వచ్చిన డబ్బులో 70 శాతం స్టేడియాలు, శిక్షణ కేంద్రాలు వంటి వాటి మీదే పెట్టాలి, 15 శాతం అప్పులకు, ఆటగాళ్ళకు 15 శాతమే. రేపటి పంటలో భాగం ఇచ్చేసి ఈరోజు బావి తవ్వుకుంటే కనీసం బావి మిగులుతుంది. అదే డబ్బును ఈ సీజన్ జీతాలకు పోస్తే విత్తనాల గింజలు వండుకు తిన్నట్టే. రెండేళ్ళ మహమ్మారి కోసం పాతికేళ్ళ ఆదాయం అమ్మడం నా దృష్టిలో చిట్టచివరి దారి. క్లబ్ మూతపడటమొక్కటే మిగిలి ఉన్నప్పుడు తప్ప దాని వైపు చూడకూడదు.

లీగ్ ఆపాలా, ఖాళీ స్టేడియాల్లో ఆడాలా?

ఇది ఒక్క క్లబ్ చేతిలో ఉండదు, ఓటు మాత్రం ఉంటుంది. ఆ ఓటు ఎటు వేయాలో జర్మనీ, ఫ్రాన్స్ అనుభవం చెబుతుంది.

జర్మనీ గట్టి పరీక్షలతో మేలోనే మొదలుపెట్టి సీజన్ పూర్తిచేసింది, టీవీ డబ్బు నిలబెట్టుకుంది. బయర్న్, డోర్ట్‌మండ్, లైప్‌సిగ్, లెవర్‌కూసెన్ కలిసి బలహీన క్లబ్బుల కోసం 2 కోట్ల యూరోలు పక్కన పెట్టాయి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ ప్రకటన తర్వాత ఏప్రిల్ 30న లీగ్ ముగించేశారు. పీఎస్‌జీని చాంపియన్‌గా ప్రకటించారు. టీవీ చెల్లింపులు ఆగిపోగా లీగ్ ప్రభుత్వ హామీతో సుమారు 22.5 కోట్ల యూరోల అప్పు చేసింది. ఆ శరదృతువులో, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఏడాదికి దాదాపు 80 కోట్ల యూరోలు ఇస్తానన్న కొత్త ప్రసార సంస్థ మీడియాప్రో చెల్లింపులు ఆపేసింది. ఏడో స్థానంలో ఆగిపోయిన లియోన్ తర్వాతి సీజన్‌కి యూరప్ పోటీల్లో చోటు పోగొట్టుకుంది. అదే లియోన్ ఆగస్టులో మాంచెస్టర్ సిటీని ఓడించి, ఆలస్యంగా జరిగిన ఆ సీజన్ యూరప్ పోటీ చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ ఆడింది!

మధ్యలో ఆపితే ఎవరో ఒకరికి అన్యాయం తప్పదు. నెదర్లాండ్స్‌లో చాంపియనే లేదు, రెండో డివిజన్ పైన ఉన్న కాంబూర్‌కి ప్రమోషన్ దక్కలేదు. ఇంగ్లండ్ మహిళల లీగ్‌లో ఒక మ్యాచ్ ఎక్కువ ఆడి ఒక పాయింట్ ముందున్న మాంచెస్టర్ సిటీని కాదని, సగటు పాయింట్ల లెక్కన చెల్సీకి టైటిల్ ఇచ్చారు. లివర్‌పూల్ పురుషులు చాంపియన్లయిన వేసవిలోనే లివర్‌పూల్ మహిళల జట్టు కింది డివిజన్‌కి దిగింది. పురుషుల లీగ్‌కి పరీక్షలకు, ఏర్పాట్లకు డబ్బు దొరికింది, మహిళలకు దొరకలేదు.

టీవీ డబ్బు మీద నడిచే లీగ్ అయితే ఆడటానికే ఓటెయ్యండి. కింది అంచెల్లో లెక్క తిరగబడుతుంది. ప్రేక్షకులు లేకుండా స్టేడియం తెరిస్తే పరీక్షల ఖర్చు, కరెంటు, ప్రయాణాలు అన్నీ నష్టమే. ఇంగ్లండ్ మూడు, నాలుగు అంచెల క్లబ్బులు 2020 జూన్ 9న సీజన్ ముగించడానికి ఓటేసి, ప్లేఆఫ్‌లు మాత్రం ఆడాయి. వాళ్ళది సరైన లెక్క. ఆ డిసెంబర్‌లో ప్రీమియర్ లీగ్ ఇచ్చిన 25 కోట్ల పౌండ్ల ప్యాకేజీలో వాటికి 5 కోట్లు, రెండో అంచె క్లబ్బులకు 20 కోట్ల వడ్డీలేని అప్పుల ఏర్పాటు వచ్చాయి.

సీజన్ టికెట్ కొన్నవాళ్ళకు ఏం చెప్పాలి?

డబ్బు వాపసు, వచ్చే సీజన్‌కి సర్దుబాటు, లేదా విరాళం. మూడూ ఒకే ఫారం మీద, ఒకే సైజు అక్షరాల్లో ఉంచితే చాలు. చాలామంది విరాళమే ఎంచుకుంటారు. షాల్కె 2020లో వాపసు అడిగినవాళ్ళను తమ కష్టం ఏమిటో రాసి రుజువులు పంపమంది. జనం భగ్గుమన్నారు, క్లబ్ క్షమాపణ చెప్పింది. ఉద్యోగం పోయిన అభిమానిని తన పేదరికం నిరూపించుకోమనడం కంటే అవమానం ఏముంటుంది?

అడిగే తీరు బాగుంటే జనం ఇస్తారు. మొంచన్‌గ్లాడ్‌బాక్‌లో అభిమానులు 19 యూరోలు కట్టి తమ ఫొటోతో అట్టబొమ్మలు స్టాండ్లలో పెట్టించుకున్నారు. టీవీ డబ్బంటూ లేని నాలుగో అంచె క్లబ్ లోకోమోటివ్ లైప్‌సిగ్, జరగని ఒక మ్యాచ్‌కి ఒక్క యూరో చొప్పున టికెట్లు అమ్మింది. 1987లో తమ యూరప్ సెమీఫైనల్‌కి వచ్చారని చెప్పుకునే 1,20,000 మంది రికార్డును దాటాలన్నదే పిలుపు. ఎవరూ రాని ఆ మ్యాచ్‌కి 1,80,000కు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. చిన్న క్లబ్‌కి నేనైతే అప్పు కాగితాల కంటే ముందు ఇలాంటి పిలుపే ఇవ్వమంటాను, వచ్చిన ప్రతి యూరో ఎవరి జీతానికి వెళ్ళిందో నెలనెలా గోడ మీద అతికించమంటాను.